వీధిలో ఉన్న మెయిన్ వాల్వ్ కట్టేయాలంటే: రెంచ్ పట్టుకునే ముందు ఇది చదవండి

మీ సమస్య నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఇంట్లో ఉన్న మెయిన్ వాల్వ్ ఎంత తిప్పినా నీళ్లు పూర్తిగా ఆగడం లేదు. దాన్ని మార్చాలంటే బయట వీధిలో, మీటరు దగ్గరున్న వాల్వ్ కట్టేయాలి. అదేమో ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోక బిగుసుకుపోయింది. పెద్ద పైప్ రెంచ్ తెచ్చి గట్టిగా ఒక పట్టు పట్టేయొచ్చా అని అడిగారు.

వద్దండి. నేను ముప్ఫై ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. పెద్ద రెంచ్‌తో మొదలైన పని సాఫీగా ముగియడం చాలా తక్కువసార్లు చూశాను.

ఒక్క విషయం ఆలోచించండి. ఇంట్లో ఏ కుళాయి పాడైనా దాని వెనక ఇంకో వాల్వ్ ఉంటుంది. సింకు కింద యాంగిల్ వాల్వ్ విరిగితే పరిగెత్తి ఇంటి మెయిన్ కట్టేస్తాం. ఆ మెయినే పాడైతే వీధిలోది కట్టేస్తాం. మరి వీధిలోది విరిగితే? దాని వెనక మిగిలింది వీధి మొత్తానికి నీళ్లిచ్చే పెద్ద పైపు. దాన్ని ఆపే హక్కూ, పరికరాలూ నీటి సరఫరా చేసే వాళ్ల దగ్గరే ఉంటాయి. వాళ్లు వచ్చేదాకా నీళ్లు అలా పోతూనే ఉంటాయి. నిమిషానికి 20 లీటర్ల చొప్పున పోయినా గంటకు 1,200 లీటర్లు. అందుకే ఈ వాల్వ్ దగ్గర బలం చూపించకూడదు. నేను ఇక్కడ చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

మొదట ఆ వాల్వ్ ఎవరిదో తేల్చుకోండి. చాలా చోట్ల మీటరే సరిహద్దు. మీటరుకు వీధి వైపున ఉన్నది సరఫరా వాళ్లది, ఇంటి వైపున ఉన్నది ఇంటివాళ్లది. మీటరు ఒంటి మీద బాణం గుర్తు ఉంటుంది, నీళ్లు ఎటు పోతాయో అదే చెబుతుంది. బాణం మొన వైపు వాల్వ్ ఉంటే అది మీది, హాయిగా దానితోనే పని కానివ్వండి. బాణం తోక వైపు మాత్రమే ఉంటే ముందు ఫోన్ చేసి అడగండి. సరఫరా వాళ్ల వాల్వ్‌ను మనం ముట్టుకోకూడదన్న నియమం చాలా ఊళ్లలో ఉంది. విరిగితే ఖర్చు మన నెత్తినే పడుతుంది. అడిగితే మనిషిని పంపి వాళ్లే కట్టేసి, పని అయ్యాక తెరిచి వెళ్లే పద్ధతి కూడా చాలా చోట్ల ఉంది. ఇల్లు మునిగిపోయే అత్యవసరం కాదు కాబట్టి ఒకటి రెండు రోజులు ఆగడం వల్ల మీకు పోయేదేమీ లేదు.

ఇంకో సంగతి. మీ కుళాయిలకు నీళ్లు నేరుగా వీధి పైపు నుంచి వస్తున్నాయా, పైనున్న ట్యాంకు నుంచి వస్తున్నాయా? ట్యాంకు నుంచి అయితే వీధిలో కట్టేసినా ట్యాంకు ఖాళీ అయ్యేదాకా నీళ్లు వస్తూనే ఉంటాయి. "వాల్వ్ కట్టినా ఆగట్లేదు" అని పిలిచిన ఇళ్లలో చాలాసార్లు అసలు కథ ఇదే. ట్యాంకు నుంచి కిందికి దిగే పైపు మీద ఉన్న వాల్వ్ కట్టేసి చూడండి. కుళాయి సన్నబడి ఆగిపోతే మీకు వీధితో పనే లేదు.

సరే, వీధిలోదే కట్టాలి అనుకుందాం.

పైపు ఇంట్లోకి ఎక్కడ దిగుతుందో చూసి, అక్కడి నుంచి వీధికి తిన్నగా గీత గీసినట్టు ఊహించుకోండి. మూత చాలావరకు ఆ గీత మీదే, ప్రహరీకి కాస్త బయటో లోపలో ఉంటుంది. మట్టి, గడ్డి, కొత్తగా పోసిన సిమెంటు దాన్ని కప్పేసి ఉండొచ్చు. ఇనుప రాడ్డుతో మెల్లగా తట్టుకుంటూ పోతే మూత ఉన్నచోట శబ్దం మారుతుంది. మూత మీద ఏం రాసి ఉందో తుడిచి చదవండి. పైపుల గ్యాస్ ఉన్న వీధుల్లో గ్యాస్ వాల్వ్‌కూ ఇలాంటి చిన్న మూతే ఉంటుంది. అనుమానం ఉంటే దాని జోలికి పోవద్దు.

మూతను వేళ్లతో ఎత్తకండి. రెండు వైపులా రెండు లావు స్క్రూడ్రైవర్లు దూర్చి పైకి లేపి, పక్కకు జరపండి. తీయగానే చెయ్యి లోపల పెట్టకుండా ముందు టార్చి వేసి మూలమూలలా చూడండి. చల్లగా, చీకటిగా ఉండే చోటు కదా, తేళ్లు, జెర్రులు, ఒక్కోసారి పాములు కూడా ఉంటాయి. చేతికి మందపాటి గ్లౌజులు ఉండాలి. నీళ్లు నిలిచి ఉంటే మగ్గుతో తోడి, అడుగున మిగిలింది స్పాంజితో పిండేయండి. మోకాలి లోతు గుంట అయితే ఫరవాలేదు. మనిషి దిగేంత లోతున్న చాంబర్ అయితే మాత్రం దిగొద్దు. ఏళ్లుగా మూసి ఉన్న గుంటల్లో ఊపిరాడే గాలి లేక మనుషులు స్పృహ తప్పిపోతారు. అది తగిన ఏర్పాట్లు ఉన్నవాళ్ల పని.

ఒకే గుంటలో రెండు మూడు మీటర్లు ఉంటే మీదేదో ఊహించకండి. ఒకరిని ఇంట్లో కుళాయి తిప్పి పెట్టమనండి. ఏ మీటరు ముల్లు తిరుగుతుందో అది మీది. కట్టేయమనండి, ఆగాలి. మళ్లీ తిప్పమనండి, తిరగాలి. ఇలా రెండుసార్లు చూస్తే పక్కింటి వాళ్ల నీళ్లు ఆపేసే పొరపాటు జరగదు. ఇంట్లో అన్నీ కట్టేసినా మీటరు మీద చిన్న నక్షత్రమో త్రికోణమో ఉండే చక్రం మెల్లగా తిరుగుతూనే ఉందంటే ఎక్కడో లీకేజీ ఉందని కూడా ఇక్కడే తెలిసిపోతుంది.

ఇప్పుడు వాల్వ్ సంగతి. ముట్టుకోక ముందే అది ఏ రకమో గుర్తుపట్టాలి, ఎందుకంటే ఒక్కో రకానికి ఒక్కో రకమైన చావు ఉంటుంది.

నెత్తి మీద చిన్న దిమ్మలాంటిది, దాని మీద గాడి గానీ రెక్క గానీ ఉంటే అది పావు చుట్టు వాల్వ్. గాడి పైపు వెంబడే ఉంటే తెరిచి ఉన్నట్టు, పైపుకు అడ్డంగా ఉంటే మూసి ఉన్నట్టు. 90 డిగ్రీలు తిప్పితే పని అయిపోయింది, అంతకు మించి తిప్పాల్సిన పని లేదు. చెవిలా ఒక రెక్కకు బెజ్జం ఉండి, మూసినప్పుడు అది పక్కనున్న ఇంకో బెజ్జంతో కలిస్తే అది తాళం వేయడానికి. తాళం వేసి ఉంటే మీరు తీయకూడదు. ఈ రకం లోతుగా ఉన్నప్పుడు పొడవాటి టీ ఆకారపు రాడ్డు కావాలి. రాడ్డు చివర చీలిక ఆ రెక్క మీద పూర్తిగా కూర్చోవాలి, సగం కూర్చుంటే అంచులు అరిగి, తర్వాత ఏ పనిముట్టుకూ పట్టు దొరకదు.

గుండ్రటి చక్రం పిడి ఉండి, ఎన్నో చుట్లు తిరిగేది గేట్ వాల్వ్. లోపల ఒక పలక కిందికి దిగి దారికి అడ్డంగా నిలుస్తుంది. దీనితో వచ్చే చిక్కు రెండు రకాలు. పలక కూర్చునే గాడిలో మట్టి, ఇసుక పేరుకుంటే పూర్తిగా దిగదు, ఎంత బిగించినా కాస్త నీళ్లు జారుతూనే ఉంటాయి. రెండోది, లోపలి ఇత్తడి ఏళ్ల తరబడి నీటిలో ఉండి పెళుసెక్కిపోతే పిడిని పలకతో కలిపే కడ్డీ, అంటే స్పిండిల్, తెగిపోతుంది. పిడి ఉన్నట్టుండి తేలిగ్గా తిరగడం మొదలెడితే సంబరపడకండి, తెగిందని అర్థం. మీ ఇంట్లో ఉన్న "ఎంత తిప్పినా ఆగని" వాల్వ్ కూడా ఈ కుటుంబంలోదే అయి ఉంటుందని నా అంచనా.

మూడోది పాతకాలపు ఇత్తడి స్టాప్ కాక్. మామూలు కుళాయిలాగే లోపల వాషర్ (రబ్బరు బిళ్ల) కిందికి దిగి కూర్చుంటుంది. దీన్నీ, గేట్ వాల్వ్‌నీ గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే మూసుకుంటాయి.

ఈ మూడో రకంతోనే నాకు పాఠం అయింది. పని నేర్చుకుంటున్న రోజులవి. ఒక ఇంటి ముందు గుంటలో ఇలాంటి స్టాప్ కాక్ కట్టేసి లోపల పని పూర్తి చేశాం. తిరిగి తెరవబోతే కదల్లేదు. పైప్ రెంచ్ పిడికి రెండడుగుల గొట్టం తొడిగి ఎడమకు లాగాను. కిర్రుమని కదిలింది. ఇంకొంచెం లాగాను. నేను చూడనిది ఏమిటంటే, కదిలింది స్పిండిల్ కాదు, దాన్ని పట్టి ఉంచే పై తలకాయ. స్పిండిల్ బిగుసుకుపోయి ఉండటంతో అదీ తలకాయా ఒక్కటిగా తిరిగి, మరలు ఊడుతున్నాయి. మూడో లాగుకి మొత్తం చేతిలో నుంచి ఎగిరిపోయింది. నీళ్లు ఛాతీ ఎత్తున లేచాయి. గుంట నిండి, తలకాయ బురదలో ఎక్కడ పడిందో కనబడకుండా పోయింది. వీధి మొత్తానికి నీళ్లు ఆపితే గానీ అది ఆగలేదు. ఆ వీధిలో వాళ్లంతా సాయంత్రం దాకా నీళ్లు లేకుండా ఉన్నారు. చంటిపిల్లను ఎత్తుకుని గుమ్మంలో నిలబడి మా వైపు చూస్తున్న ఒక తల్లి మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది.

కాబట్టి తిప్పేటప్పుడు మీ కళ్లు రెంచ్ మీద కాదు, స్పిండిల్ తలకాయలోకి దిగే చోట ఉండాలి. సుద్దముక్కతోనో మార్కర్‌తోనో తలకాయ నుంచి వాల్వ్ ఒంటి మీదికి ఒక గీత గీయండి. గీత విరిగిందంటే తిరగకూడనిది తిరుగుతోంది, వెంటనే ఆపి అంతే దూరం వెనక్కి తిప్పేయండి.

బిగుసుకున్న వాల్వ్‌కు మందు ఓపికే. స్పిండిల్ చుట్టూ ఉన్న మట్టి, చిలుము పాత టూత్‌బ్రష్‌తో పూర్తిగా శుభ్రం చేయండి. తుప్పు వదిలించే నూనె స్పిండిల్ బయటి భాగం మీద రెండు మూడు చుక్కలు వేసి కనీసం అరగంట, వీలైతే రాత్రంతా వదిలేయండి. తర్వాత చేతికి సరిపోయే చిన్న రెంచ్‌తో మూసే వైపు కొద్దిగా, తెరిచే వైపు కొద్దిగా కదపండి. వెంట్రుకవాసి కదిలినా చాలు. అటు ఇటు, అటు ఇటు. ప్రతిసారీ ఇంకాస్త ఎక్కువ తిరుగుతుంది. పట్టుకున్న చోట ఎదురు పట్టు కూడా ముఖ్యం: ఇంకో రెంచ్‌తో వాల్వ్ ఒంటిని కదలకుండా పట్టుకోవాలి, లేదంటే ఆ మెలిక అంతా మీటరు జాయింటు మీదో, భూమిలోని పైపు మీదో పడుతుంది. రెంచ్‌కు గొట్టం తొడగొద్దు, సుత్తితో కొట్టొద్దు, మంట అసలే వద్దు. మంటకు స్పిండిల్ వెంట నీళ్లు కారకుండా లోపల ఉండే ప్యాకింగూ, పక్కనున్న ప్లాస్టిక్ పైపూ రెండూ పోతాయి.

రెండు చేతులతో మామూలు బలం పెట్టినా ఇరవై నిమిషాల్లో ఏమాత్రం కదలకపోతే అక్కడితో ఆపేయండి. అది ఓటమి కాదు, సరైన నిర్ణయం. సరఫరా వాళ్లు పెద్ద పైపు మీద మీ ఇంటి పైపు మొదలయ్యే చోట, ఫెరూల్ దగ్గర తవ్వి ఆపగలరు, వాల్వే మార్చగలరు. ఇంకో దారి కూడా ఉంది. పైపు బయట నుంచి బాగా చల్లబరిచి లోపలి నీటినే గడ్డకట్టించి, ఆ మంచు బిరడా అడ్డుపెట్టుకుని వాల్వ్ మార్చే ప్లంబర్లు ఉన్నారు. నీళ్లు కదలకుండా నిలిచి ఉంటేనే అది గడ్డకడుతుంది, కాబట్టి ఎక్కడా కారుతూ ఉండకూడదు. అనుభవం ఉన్నవాళ్లే చేయాలి.

కదిలింది అనుకోండి. పూర్తిగా కట్టేసే ముందు ఇంట్లో చేయాల్సినవి ఉన్నాయి. గీజర్ స్విచ్ ఆపేయండి. దాని ట్యాంకులో నీళ్లు తగ్గి, వేడిచేసే రాడ్డు బయటపడితే కాలిపోతుంది. నీళ్లు లాగే మోటారు ఉంటే అదీ ఆపాలి, వట్టిగా తిరిగితే పాడవుతుంది. తాగడానికీ, బాత్రూమ్‌కీ నీళ్లు పట్టి పెట్టుకోండి. ఇంకొకటి ఎవరూ పెద్దగా చెప్పరు: బకెట్లోనో తొట్టిలోనో మునిగి ఉన్న గొట్టాలు బయటికి తీసేయండి. పైపులో ఒత్తిడి పడిపోయినప్పుడు ఆ మురికి నీళ్లు వెనక్కి పీల్చుకుని తాగే నీటి పైపులోకి వెళ్లగలవు. మొక్కల మందు కలిపిన బకెట్లో గొట్టం వదిలేసి ఉండటం నేను కళ్లారా చూశాను.

కట్టేశాక ఇంట్లో అన్నిటికంటే కింద ఉన్న కుళాయి తిప్పండి. మొదట ధారగా వచ్చి, సన్నబడి, చుక్కలై ఆగాలి. పై కుళాయి కూడా ఒకటి తెరిస్తే గాలి లోపలికి వెళ్లి తొందరగా ఖాళీ అవుతుంది. పది నిమిషాల తర్వాత కూడా సన్నటి ధార వస్తోందంటే వాల్వ్ పూర్తిగా కూర్చోలేదు. అప్పుడు ఇంకా గట్టిగా బిగించకండి. ఒకటి రెండు చుట్లు తెరిచి, కింది కుళాయి తెరిచే ఉంచి, కొన్ని క్షణాలు నీళ్లు వేగంగా పోనిచ్చి మళ్లీ కట్టండి. గాడిలో ఇరుక్కున్న ఇసుక ఆ వేగానికి కొట్టుకుపోయి చాలాసార్లు సరిగ్గా కూర్చుంటుంది. కొద్దిగా చుక్కలు పడుతుంటే కింది కుళాయి తెరిచే ఉంచండి, అది మీరు పని చేసే చోటికన్నా కింద ఉంటే నీళ్లు చాలావరకు అటే పోతాయి.

పైపు ఇనుముదో రాగిదో అయితే కోసే ముందు ఒక్క మాట. పాత ఇళ్లలో కరెంటు ఎర్తింగ్‌ను నీటి పైపుకే కలిపి ఉంటారు. అలాంటి పైపును కోసి రెండు కొసలూ రెండు చేతులతో పట్టుకుంటే షాక్ కొట్టే ప్రమాదం ఉంది. మీ ఇంట్లో మెయిన్ స్విచ్ ఆపినా ఆ ప్రమాదం పూర్తిగా పోయినట్టు కాదు. పైపుకు ఎక్కడైనా ఆకుపచ్చ వైరో, రాగి తీగో చుట్టి కనిపిస్తే ఎలక్ట్రీషియన్‌ను పిలవకుండా ముందుకు పోవద్దు.

ఇంట్లో కొత్తగా ఏ వాల్వ్ పెట్టాలి అంటే నా సలహా బాల్ వాల్వ్. లోపలి రంధ్రం పైపు అంత వెడల్పు ఉండేది తీసుకోండి. పావు చుట్టుతో మూసుకుంటుంది, పిడి చూడగానే తెరిచి ఉందో మూసి ఉందో తెలిసిపోతుంది. పిడి పూర్తిగా తిరగడానికి గోడకు, వాల్వ్‌కు మధ్య చోటు ఉందో లేదో బిగించక ముందే చూసుకోండి.

ఇక తెరవడం. కట్టేయడం కన్నా తెరిచేటప్పుడే ఎక్కువ నష్టం జరుగుతుంది. చాలామంది పని అయిపోయిందన్న సంతోషంలో ఒక్కసారిగా తెరిచేస్తారు. ఖాళీ పైపుల్లో ఉన్న గాలిని నీళ్లు బుల్లెట్‌లా తోసుకుంటూ వచ్చి మూల దగ్గర గుద్దుకుంటాయి. కదిలే నీటిని ఒక్కసారిగా ఆపితే ఏమవుతుందో రష్యా శాస్త్రవేత్త నికొలాయ్ జుకోవ్‌స్కీ 1890ల చివర్లో మాస్కో నీటి పైపుల మీద ప్రయోగాలు చేసి లెక్క కట్టాడు. సెకనుకు ఒక మీటరు వేగంతో పోయే నీటిని ఇనుప పైపులో టక్కున ఆపితే ఉన్న ఒత్తిడి మీద ఇంకో 12 బార్ల (బార్ అంటే ఒత్తిడిని కొలిచే ప్రమాణం) దాకా ఎగబాకగలదు. చాలా ఇళ్లకు మామూలుగా వచ్చే ఒత్తిడి ఇందులో చిన్న భాగమే. గోడలో "ఢమ్" అని వినిపించే చప్పుడు అదే. పాత జాయింట్లు దానికి తట్టుకోవు.

అందుకే ముందు ఇంట్లో దూరాన ఉన్న చల్లనీళ్ల కుళాయి ఒకటి తెరిచి, దాని మూతికి ఉండే జల్లెడ ఊడదీసి పెట్టండి. వీధి వాల్వ్‌ను కొద్దిగా, నీళ్లు పారుతున్న సన్నటి చప్పుడు వినిపించేంత మాత్రమే తెరిచి ఆగండి. కుళాయి ముందు గాలి ఊదుతుంది, తర్వాత తుంపర్లు, తర్వాత ఎర్రటి నీళ్లు. కదిలిన తుప్పు అది, భయపడక్కర్లేదు, తేటపడేదాకా పోనివ్వండి. ధార తడబడకుండా వచ్చాక మిగతాది మెల్లగా తెరవండి. గీజర్ ట్యాంకు నిండి, వేడినీళ్ల కుళాయి నుంచి నిండు ధార వచ్చాకే దాని స్విచ్ వేయాలి. ఎన్నో చుట్లు తిరిగే రకమైతే పూర్తిగా తెరిచాక పావు చుట్టు వెనక్కి తిప్పి వదలండి, మళ్లీ బిగుసుకోకుండా ఉంటుంది. పావు చుట్టు రకాన్ని మాత్రం పూర్తిగా తెరిచే ఉంచాలి.

ఇంత కాలం కదలని స్పిండిల్ కదిలింది కాబట్టి దాని చుట్టూ నాలుగు చుక్కలు కారొచ్చు. లోపలి ప్యాకింగ్ ఎండిపోయి ఉంటుంది. స్పిండిల్ చుట్టూ ఉన్న చిన్న గ్లాండ్ నట్‌ను కొంచెం, అంటే ఒక చుట్టులో ఎనిమిదో వంతు బిగిస్తే సాధారణంగా ఆగిపోతుంది. అతిగా బిగిస్తే వాల్వ్ తిరగదు. గుంట మూయక ముందు స్పిండిల్ చుట్టూ టిష్యూ కాగితం ఒకటి చుట్టి పెట్టండి. మర్నాడు పొద్దున మూత తీసి చూడండి. కాగితం పొడిగా ఉంటే మూత పెట్టేయొచ్చు. తడిసి ఉంటే ఇంకో ఎనిమిదో వంతు బిగించి, మళ్లీ ఒక రోజు చూడండి.